మెటల్ డిటెక్టర్ల రక్షణ: రామగుండం బొగ్గు ప్రాంతంలో దుమ్ము, ఇసుక, చెమ్మ

కన్వేయర్ బెల్టు మీద బొగ్గుతో పాటు కొట్టుకొచ్చే ఇనుప ముక్కను పసిగట్టి, అది క్రషర్‌లో పడకముందే బెల్టును ఆపించే పరికరం మెటల్ డిటెక్టర్. పెద్దపల్లి జిల్లాలోని రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో సింగరేణి బొగ్గు గనులు, ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం పక్కపక్కనే ఉన్నాయి. గని నుంచి బాయిలర్ దాకా బొగ్గు ప్రయాణంలో బెల్టులు, క్రషర్లు, బంకర్లు అడుగడుగునా వస్తాయి. ఆ దారిలో కాపలా కాసే ఈ పరికరానికి శత్రువులు మూడు: దుమ్ము, ఇసుక, చెమ్మ. ఇవి పరికరాన్ని ఒక్కసారిగా చంపడం అరుదు. ముందు దాని మాటను చెడగొడతాయి, లేని ఇనుమును ఉన్నట్టు చెప్పిస్తాయి. ఊరికే బెల్టు ఆగుతుంటే పరికరాన్ని బైపాస్‌లో పెట్టి నడపడం మొదలవుతుంది. ఆపైన నిజంగా ఇనుము వచ్చిన రోజు అడ్డుకునే దిక్కుండదు. కాబట్టి డిటెక్టర్‌ను దుమ్ము, చెమ్మల నుంచి కాపాడటమంటే దాని మాట మీద షిఫ్టులో ఉన్నవారి నమ్మకాన్ని కాపాడటమే.

ప్రాంతం, వాతావరణం

సింగరేణి బొగ్గు ప్రాణహిత–గోదావరి లోయలోని గోండ్వానా శిలల్లో దొరుకుతుంది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లెందు దగ్గర ఈ బొగ్గును గుర్తించారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పొందింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఇప్పుడు ఇందులో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా ఉంది. గోదావరిఖనిలో గనులు 1960లలో మొదలయ్యాయి. తర్వాతి దశాబ్దంలో ఓపెన్‌కాస్టు తవ్వకం కూడా వచ్చింది. రామగుండం ఎన్టీపీసీకి 1978లో శంకుస్థాపన జరిగింది, 1983లో తొలి యూనిట్ పని మొదలుపెట్టింది. 200 మెగావాట్ల యూనిట్లు మూడు, 500 మెగావాట్లవి నాలుగు కలిపి దాని సామర్థ్యం 2,600 మెగావాట్లు. సింగరేణి గనుల నుంచి మెర్రీ గో రౌండ్ రైలు మార్గంలో అక్కడికి బొగ్గు చేరుతుంది.

ఎలక్ట్రానిక్ పరికరాలకు ఇక్కడి వాతావరణం కఠినమైన పరీక్ష. రోహిణి కార్తెలో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుతుంది. మిరుగం (మృగశిర కార్తె) దాటి వానలు పడగానే గాలిలో తేమ ఒక్కసారిగా పెరుగుతుంది. ఏడాది వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. 2022 జులైలో గోదావరికి భారీ వరద వచ్చినప్పుడు ఈ ప్రాంతపు ఓపెన్‌కాస్టు గనుల్లో పనులు నిలిచిపోయాయి. నాలుగు నెలల ఎండలో ఎండి పగిలిన రబ్బరు గాస్కెట్ మీద నాలుగు నెలల వాన పడుతుంది. అసలు చిక్కు ఈ మార్పులోనే ఉంది.

బొగ్గులోకి ఇనుము ఎలా వస్తుంది

ఓపెన్‌కాస్టులో షవెల్ బకెట్ పళ్లు విరిగి బొగ్గులో కలుస్తాయి. డంపర్ల లైనర్ ప్లేట్లు, డ్రిల్ బిట్లు, బోల్టులు ఊడి పడతాయి. భూగర్భ గని నుంచి వచ్చే బొగ్గులో రూఫ్ బోల్టులు, తాళ్ల ముక్కలు, పట్టాల క్లిప్పులు ఉండవచ్చు. వీటిలో అయస్కాంతానికి అంటుకునే ముక్కలను బెల్టు మీద వేలాడదీసిన మాగ్నెట్ లాగేస్తుంది. అన్నీ అంటుకోవు. దెబ్బలకు అరగకుండా ఉండేందుకు వాడే మాంగనీస్ స్టీల్‌ను అయస్కాంతం పట్టదు. 1882లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌కు చెందిన రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ కనిపెట్టిన ఈ ఉక్కు ఇప్పటికీ గనుల్లో, క్రషర్లలో వాడుకలో ఉంది. మాగ్నెట్ వదిలేసిన ఆ ముక్కను పట్టుకోవడం మెటల్ డిటెక్టర్ వంతు. బొగ్గు లోతున కూరుకుపోయి మాగ్నెట్‌కు అందని ఇనుము సంగతీ అంతే.

తప్పించుకున్న ముక్క చేసే నష్టం పెద్దది. క్రషర్ పళ్లు విరుగుతాయి. ముక్క షూట్‌లో అడ్డం తిరిగి ఇరుక్కుంటే దాని మొన కింద నడిచే బెల్టును పొడవునా చీల్చేస్తుంది. విద్యుత్ కేంద్రంలో బొగ్గును సుమారు 20 మిల్లీమీటర్ల సైజుకు చితక్కొట్టి బంకర్లకు పంపి, అక్కడి నుంచి మిల్లులో పిండి చేస్తారు. ఇనుము మిల్లు దాకా చేరితే ఆ మిల్లును ఆపి తెరవాల్సి వస్తుంది.

పుట్టుక, పనిచేసే తీరు

లోహాన్ని తాకకుండా కనిపెట్టే ప్రయత్నాలు 19వ శతాబ్దిలోనే మొదలయ్యాయి. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ శరీరంలో దిగిన తూటాను వెతకడానికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇండక్షన్ బ్యాలెన్స్ అనే పరికరాన్ని వాడారు. తూటా దొరకలేదు. మంచంలోని ఉక్కు స్ప్రింగులు పరికరాన్ని తికమక పెట్టాయని చెబుతారు. చుట్టుపక్కల లోహం తప్పుదారి పట్టించడం అనే ఆ చిక్కు ఈనాటి బొగ్గు బెల్టు మీద కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్ ఇంజనీరు యూజెఫ్ కొసాత్స్కి రూపొందించిన మందుపాతర డిటెక్టర్‌ను 1942లో ఈజిప్టు ఎడారిలో, ఎల్ అలమీన్ యుద్ధంలో వాడారు.

బెల్టు మీద వాడే డిటెక్టర్‌లో మూడు భాగాలుంటాయి: కాయిల్, దాన్ని ప్యానెల్‌కు కలిపే కేబుల్, ప్యానెల్‌లోని ఎలక్ట్రానిక్ కార్డులు. ట్రాన్స్‌మిటర్ కాయిల్ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. అందులోంచి లోహపు ముక్క పోతే దానిలో ఎడ్డీ కరెంట్లు పుడతాయి. ఆ కరెంట్లు తిరిగి పుట్టించే అతి బలహీనమైన క్షేత్రాన్ని రిసీవర్ కాయిల్ పట్టుకుంటుంది. గుర్తు దొరకగానే బెల్టు ఆగుతుంది. చాలాచోట్ల ముక్క ఉన్న చోటు తెలియడానికి బెల్టు మీద ఒక చిన్న ఇసుక సంచి పడేలా ఏర్పాటు ఉంటుంది, లేదా రంగు చిమ్ముతుంది. బెల్టు సెకనుకు 3 మీటర్ల వేగంతో నడుస్తూ కాయిల్‌కూ క్రషర్‌కూ మధ్య 30 మీటర్ల దూరం ఉంటే చేతిలో ఉండేది 10 సెకన్లే. బరువుతో ఉన్న బెల్టు స్విచ్ ఆపాక కూడా కొంత దూరం జారుతుంది. అందువల్ల ఆలస్యంగా వచ్చిన సంకేతం రానిదానితో సమానం.

రిసీవర్ కాయిల్‌లో పుట్టే సంకేతం ఎంతో చిన్నది. దాన్ని కార్డు వేల రెట్లు పెంచి చూస్తుంది. ఒక కనెక్టర్ పిన్ను మీద సన్నని తడి పొర చేరినా, ఒక స్క్రూ కింద తుప్పు పట్టినా ఆ మార్పు కూడా అన్ని రెట్లూ పెరిగి ఇనుములాగే కనిపిస్తుంది.

దుమ్ము

బొగ్గు ఒక బెల్టు నుంచి ఇంకో బెల్టు మీదికి పడే ట్రాన్స్‌ఫర్ పాయింట్ల దగ్గర, క్రషర్ల దగ్గర దుమ్ము ఎక్కువ. పొడిగా ఉన్నప్పుడు బొగ్గు ధూళి పెద్దగా విద్యుత్తును పోనివ్వదు. తడిసి, అందులోని లవణాలు కరిగితే పోనిస్తుంది. బొగ్గులో ఉండే పైరైట్ గాలి, నీరు తగిలి ఆక్సీకరణ చెందితే ఆమ్లం పుడుతుంది. ఆ తడి రాగి టెర్మినళ్లనూ ఇనుప పెట్టెనూ తినేస్తుంది. ప్యానెల్ మీద మందంగా పేరుకున్న దుమ్ము వేడిని బయటికి పోనీయదు, లోపలి కార్డుల ఆయుష్షు తగ్గుతుంది. బొగ్గు దానంతటదే వేడెక్కి రాజుకునే స్వభావం ఉన్నది కాబట్టి వేడి పెట్టె మీద దుమ్ము మేట ప్రమాదం కూడా.

దుమ్ము అణచడానికి చల్లే నీరే ఇంకో సమస్య. స్ప్రే నాజిళ్ల తుంపర డిటెక్టర్ ఫ్రేము మీద పడి దుమ్ముతో కలిసి బురదవుతుంది. ఎండాక ఆ బురద గట్టి పొరగా మారి కాయిల్‌కూ బెల్టుకూ మధ్య ఖాళీని మింగేస్తుంది. బెల్టు దాన్ని రాసుకుంటూ పోతే ఫ్రేము అదురుతుంది, ఆ అదురు కూడా తప్పుడు సంకేతమవుతుంది. కాబట్టి డిటెక్టర్‌ను ట్రాన్స్‌ఫర్ పాయింటుకూ నాజిళ్లకూ కొంత దూరంలో, బెల్టు మీద బొగ్గు సర్దుకున్న చోట బిగించాలి.

ఇసుక

ఈ ప్రాంతంలో ఇసుక రెండు దారుల్లో వస్తుంది. మొదటిది ఓపెన్‌కాస్టులో బొగ్గు మీద ఉండే ఇసుకరాయి. బొగ్గు మీది ఈ రాతి పొరను (ఓబీ) పేల్చి తోడినప్పుడు లేచే దుమ్ములో క్వార్ట్జ్ రేణువులు ఎక్కువ. రెండోది భూగర్భ గనుల స్టోయింగ్. బొగ్గు తీసేసిన ఖాళీల్లో ఇసుకను నీటితో కలిపి గొట్టాల ద్వారా నింపుతారు. గోదావరి ఇసుక దశాబ్దాల పాటు ఇందుకు వాడుకలో ఉంది. ఇసుక బంకర్లు, గొట్టపు మార్గాలు ఉన్న చోట ఇసుకా చెమ్మా కలిసే ఉంటాయి.

మోస్ కాఠిన్య మాపకంలో క్వార్ట్జ్ స్థానం 7. మామూలు ఉక్కు కన్నా అది గట్టిది. గాలికి కొట్టుకొచ్చే ఇసుక కాయిల్ మీది ఫైబర్‌గ్లాస్ కవచాన్ని గీకి, దానిలోని పోగులను బయటపెడుతుంది. ఆ పోగుల వెంట నీరు లోపలికి పాకుతుంది. ప్యానెల్ తలుపు గాస్కెట్ మీద ఒక్క ఇసుక రేణువు ఉన్నా తలుపు బిగించినప్పుడు రబ్బరులో గుంట పడుతుంది. రేణువు రాలిపోయినా గుంట ఉండిపోతుంది, అదే నీటికి దారి. కాబట్టి తలుపు మూసేముందు గాస్కెట్‌నూ అది ఆనే అంచునూ గుడ్డతో తుడవాలి. ఖర్చులేని ఈ పని ఎన్నో మరమ్మతులను తప్పిస్తుంది.

చెమ్మ

మూడింటిలో అతి మోసకారి చెమ్మ. వాన నీరు కంటికి కనబడుతుంది, గాలిలోని ఆవిరి కనబడదు. మూసిన పెట్టె కూడా ఊపిరి పీలుస్తుంది. ఎండకు లోపలి గాలి 60 డిగ్రీలకు వేడెక్కి వ్యాకోచించి సందుల్లోంచి బయటికి పోతుంది. సాయంత్రం వాన పడి 25 డిగ్రీలకు చల్లబడితే పెట్టె తన పరిమాణంలో సుమారు పదో వంతు గాలిని బయటి నుంచి లాక్కుంటుంది. వానకాలంలో ఆ గాలి నిండా ఆవిరే. 30 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరిని మోయగలదు, 20 డిగ్రీల దగ్గర 17 గ్రాములే. మిగిలినది కార్డుల మీద తడిగా దిగుతుంది. ఇది రోజూ జరిగితే, కేబుళ్లు పెట్టెలోకి దూరే చోట బిగించే గ్లాండ్ల దగ్గర ఒక్క చుక్క వాన పడకపోయినా పెట్టె అడుగున నీరు చేరుతుంది.

బెల్టు మీది బొగ్గు తడిగా ఉండటం అంత పెద్ద సమస్య కాదు. పల్స్ పద్ధతిలో పనిచేసే డిటెక్టర్ చిన్న విద్యుత్ తరంగాన్ని పంపి, అది తగ్గుతున్నప్పుడు వచ్చే జవాబును వింటుంది. లోహంలో ఎడ్డీ కరెంట్లు ఎక్కువసేపు నిలుస్తాయి, తడి బొగ్గులో వెంటనే చల్లారిపోతాయి. ఆ తేడాను పరికరం గుర్తించగలదు. కేబుళ్లు కలిసే జంక్షన్ బాక్సులో చేరిన తడిని మాత్రం అది లోహం నుంచి వేరు చేయలేదు.

తుప్పు వల్ల ఇంకో చిక్కు వస్తుంది. కాయిల్ పక్కనున్న స్ట్రక్చర్‌లో బోల్టు కీలు తుప్పు పట్టి వదులైతే, బెల్టు అదురుకు ఆ కీలు ఒకసారి కలుస్తుంది, ఒకసారి విడిపోతుంది. ఆ ఇనుప చట్రం మూసి తెరుచుకునే లూప్‌గా మారి కాయిల్ క్షేత్రాన్ని కదిలిస్తుంది. ప్యానెల్‌లో కార్డులన్నీ మార్చినా ట్రిప్పులు (డిటెక్టర్ బెల్టును ఆపేయడాలు) తగ్గవు, ఎందుకంటే లోపం రెండు మీటర్ల అవతల ఉన్న బోల్టులో ఉంది. అలాంటి కీలును పూర్తిగా వెల్డింగ్ చేయాలి, లేదా ఇన్సులేషన్ వాషర్లు వేసి విడదీయాలి. అటూ ఇటూ కాకుండా వదిలేయకూడదు.

ఐపీ రేటింగ్ చెప్పేది

పెట్టెల రక్షణను ఐఈసీ 60529 ప్రమాణం రెండు అంకెలతో చెబుతుంది. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. మొదటి అంకె 6 అయితే దుమ్ము అసలు చొరబడదు. దీన్ని టాల్కం పౌడర్ తేలే గదిలో పరీక్షిస్తారు. ఐపీ65 పెట్టె నిమిషానికి 12.5 లీటర్ల నీటి ధారను, ఐపీ66 పెట్టె 100 లీటర్ల బలమైన ధారను తట్టుకోవాలి. ఐపీ67 అంటే ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు మునిగినా చెడకూడదు. ఐపీ67 ఉన్నంత మాత్రాన ధారను తట్టుకుంటుందని అర్థం కాదు, ఆ పరీక్ష వేరు. బెల్టుల దగ్గరి ప్యానెల్, జంక్షన్ బాక్సులకు ఐపీ65 కనీస అవసరం. హోస్ పైపుతో కడిగే గ్యాలరీల్లో ఐపీ66 మంచిది.

ఈ అంకె కొత్త పెట్టెది. మూడు వేసవులు చూసిన గాస్కెట్‌కూ, నాలుగు గొళ్లేల్లో రెండే వేసిన తలుపుకూ అది వర్తించదు.

ప్యానెల్ రక్షణ

ప్యానెల్ విషయంలో ముందుగా చూడాల్సింది దాని అడుగు భాగం. కేబుళ్లన్నీ కింది నుంచే రావాలి. పై నుంచి వచ్చే కేబుల్ వెంట నీరు నేరుగా లోపలికి దిగుతుంది. గ్లాండ్‌కు ముందు కేబుల్‌ను కిందికి ఒక వంపు తిప్పితే నీటి చుక్క అక్కడే రాలిపోతుంది. కేబుల్ మందానికి సరిపోయే డబుల్ కంప్రెషన్ గ్లాండ్ వాడాలి. వాడని రంధ్రాలకు సరైన బ్లాంకింగ్ ప్లగ్ బిగించాలి. కాటన్ వేస్ట్ కుక్కడం, ఎమ్‌సీల్ పూయడం తాత్కాలికంగా కూడా పనికిరావు. కాటన్ వేస్ట్ చెమ్మను పట్టి ఉంచుతుంది, ఎమ్‌సీల్ అదురుకు పగులుతుంది.

వానకాలంలో ప్యానెల్‌ను పాలిథీన్ కవరుతో చుట్టి కట్టడం చాలాచోట్ల కనిపించే అలవాటు. అది పైనుంచి పడే వానను ఆపుతుంది, లోపలి ఆవిరిని మాత్రం బంధిస్తుంది. దానికి బదులు అన్ని వైపులా గాలి ఆడేలా రేకు పందిరి వేస్తే ఎండా వానా రెండూ ఆగుతాయి. నీడ ఉంటే లోపలి వేడి తగ్గుతుంది, పెట్టె పీల్చే ఊపిరీ తగ్గుతుంది. పందిరి రేకు కాయిల్‌కు దూరంగా, కదలకుండా ఉండాలి.

లోపలి తడికి మూడు మందులున్నాయి. థర్మోస్టాట్ ఉన్న చిన్న స్పేస్ హీటర్ లోపలి గాలిని బయటి కన్నా కొద్దిగా వెచ్చగా ఉంచి తడి దిగకుండా చూస్తుంది. నీటిని ఆపి గాలిని పోనిచ్చే పొర ఉన్న బ్రీదర్ వెంట్ పెట్టె ఒత్తిడిని సరిచేస్తుంది. సిలికా జెల్ తన బరువులో సుమారు మూడో వంతు నీటిని పీల్చగలదు. నీలం రంగు జెల్ గులాబీ రంగుకు మారితే పని అయిపోయినట్టే, దాన్ని సుమారు 120 డిగ్రీల దగ్గర వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. తలుపు సరిగా మూసుకోని పెట్టెలో ఎంత జెల్ పెట్టినా ఒక్కరోజులో నిండిపోతుంది. కార్డుల మీద కన్ఫార్మల్ కోటింగ్ (తడి అంటని పలుచని పూత) వేయించడం అదనపు రక్షణ.

శుభ్రం చేసే తీరులోనూ జాగ్రత్త అవసరం. కంప్రెసర్ గాలితో ప్యానెల్ లోపల ఊదితే దుమ్ము కనెక్టర్లలోకి మరింత దూరుతుంది, గాలిలో బొగ్గు ధూళి మేఘం లేస్తుంది. మెత్తని బ్రష్, వాక్యూమ్ క్లీనర్ వాడాలి.

కాయిల్, కేబుల్

మంచి కాయిల్‌ను తయారీలోనే ఎపాక్సీతో పూర్తిగా నింపి, ఫైబర్‌గ్లాస్ కవచంలో పెడతారు. కవచం మీద పగులు కనబడగానే ఆరబెట్టి, ఎపాక్సీతో మూసేయాలి. కాయిల్‌కు ఇరువైపులా తయారీదారు చెప్పిన దూరం మేర లోహం లేకుండా చూడాలి. అక్కడి రోలర్లు, డెక్ ప్లేట్లు లోహేతర పదార్థంతో ఉండటం మేలు. కాయిల్ కింద రాలిన బొగ్గును ప్రతి షిఫ్టులో తీసేయాలి. కాయిల్ కేబుల్‌ను మోటారు కేబుళ్లతో ఒకే ట్రేలో వేయకూడదు. దాని షీల్డ్‌ను తయారీదారు చెప్పిన చోటే ఎర్త్ చేయాలి. జాయింట్లు లేని ఒకే ముక్క కేబుల్ ఉత్తమం.

భూగర్భ గనుల్లో నియమాలు వేరు

మీథేన్ ఉండే అవకాశమున్న చోట వాడే విద్యుత్ పరికరాలకు గనుల భద్రతా డైరెక్టర్ జనరల్ కార్యాలయం ఆమోదం ఉండాలి. ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టెలో లోపల పేలుడు జరిగినా, ఫ్లాంజ్‌ల మధ్య సన్నని సందులోంచి వచ్చే వాయువు చల్లబడి బయటి మీథేన్ అంటుకోకుండా ఉంటుంది. ఆ సందు శుభ్రంగా, లెక్క ప్రకారం ఉండాలి. చెమ్మ రాకూడదని అక్కడ సీలెంట్ గానీ రంగు గానీ పూయడం, సొంతంగా గాస్కెట్ పెట్టడం ప్రాణాంతకమైన తప్పు. అనుమతించిన గ్రీజు మాత్రమే పలుచగా రాయాలి. గని బయట బొగ్గును చితక్కొట్టి పంపే ప్లాంటులో (సీహెచ్‌పీ) మేలు చేసే అలవాటు గనిలో కీడు చేయగలదు కాబట్టి, పై నుంచి కిందికి బదిలీ అయిన సిబ్బందికి ఈ తేడాను విడమరచి చెప్పాలి.

గేట్ల దగ్గరి డిటెక్టర్లు

కార్యాలయాలు, ప్లాంట్ల గేట్ల దగ్గరి ద్వారపు డిటెక్టర్లకూ చేతి డిటెక్టర్లకూ సూత్రం ఇదే, రక్షణ తక్కువ. ద్వారపు ఫ్రేమును పందిరి కింద, నీరు నిలవని దిమ్మె మీద నిలబెట్టాలి. చేతి డిటెక్టర్‌ను వాడనప్పుడు బ్యాటరీ తీసి, సిలికా జెల్ ఉన్న సంచిలో ఉంచాలి. గనిలోకి బీడీలు, అగ్గిపెట్టెలు తీసుకెళ్లడం నిషేధం. వాటిలో పట్టుకోదగ్గ లోహం ఉండదు కాబట్టి గని ముఖద్వారం దగ్గర చేతితో చేసే తనిఖీకి డిటెక్టర్ ప్రత్యామ్నాయం కాదు.

పరీక్ష, ఏడాది సంరక్షణ

రోజూ ఒకసారి తాడు కట్టిన టెస్ట్ పీస్‌ను కాయిల్ గుండా పంపి బెల్టు ఆగుతోందో లేదో చూసి రిజిస్టర్‌లో రాయాలి. పెద్ద వాన వెలిశాక మళ్లీ చూడాలి. ప్రతి ట్రిప్పును ఇనుము దొరికింది, దొరకలేదు అని వేరుగా, వాతావరణంతో సహా నమోదు చేస్తే లోపం ఆచూకీ తెలుస్తుంది. వానలోనే వచ్చే ట్రిప్పులు జంక్షన్ బాక్సును, తెల్లవారుజామున వచ్చేవి లోపల దిగిన తడిని, బొగ్గు బరువు పెరిగినప్పుడు వచ్చేవి వదులైన కీలును చూపిస్తాయి.

ఏప్రిల్, మే నెలల్లో గాస్కెట్లు, గ్లాండ్లు, పందిరి, హీటర్ సరిచూసి, మిరుగం లోపు పని ముగించాలి. కేబుల్ ఇన్సులేషన్‌ను మెగ్గర్‌తో చూసేటప్పుడు ముందు రెండు కొసలా కేబుల్‌ను విడదీయాలి. కలిపి ఉంచి 500 వోల్టుల మెగ్గర్ తిప్పితే కార్డులు కాలిపోతాయి. దసరా తర్వాత తుప్పు గీకి, రంగు వేసి, బోల్టులు బిగించి, సున్నితత్వాన్ని మళ్లీ సరిచేయాలి. వానకాలంలో ట్రిప్పులు ఎక్కువై సున్నితత్వం తగ్గించి ఉంటే, దాన్ని తిరిగి పెంచడం మరవకూడదు.

బైపాస్ స్విచ్‌కు తాళం ఉండాలి. ఎవరు, ఎప్పుడు, ఎందుకు బైపాస్ చేశారో సంతకంతో రాయాలి, ఆ బైపాస్ గడువు షిఫ్టుతో ముగియాలి. ఒక గాస్కెట్, నాలుగు గొళ్లేలు, ఒక సరైన గ్లాండ్ ఖరీదు చీలిపోయిన బెల్టు ముందు లెక్కలోకి రాదు. డిటెక్టర్‌ను బాగుచేయకుండా బైపాస్‌లో నడిపే ప్రతి షిఫ్టులో బెల్టుకూ క్రషర్‌కూ కాపలా లేనట్టే లెక్క.